అరవై ఒకటో రోజు: చార్జిషీటు గడువుల కథ



పోయిన భాగంలో ఎఫ్ఐఆర్ దగ్గర ఆగాం. ఎఫ్ఐఆర్ కట్టించడానికే స్టేషన్ ముందు ధర్నా చేయాల్సిన రోజుల గురించి రాశాను. చాలామంది తమ్ముళ్ళు ఇన్‌బాక్స్‌లో అడిగింది ఒకటే: "అన్నా, ఎఫ్ఐఆర్ అయింది, తర్వాత ఏమైంది?" తర్వాత ఏమవుతుందంటే రోజులు గడుస్తాయి. ఆ రోజుల లెక్క గురించే ఈ భాగం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. లా చదివే పిల్లలు తప్పకుండా చదవండి.

2017 ఎండాకాలంలో మా పక్క మండలంలో ఒక మాదిగపల్లెకు పోయాను. చేలకు పోయే డొంక దగ్గర మొదలైన గొడవ. మనవాళ్ళ కుర్రాడు బండి అడ్డం తీయలేదని కులం పేరు పెట్టి తిట్టి, కర్రలతో తల పగలగొట్టారు. పదకొండు కుట్లు పడ్డాయి. సంఘాలన్నీ కదిలితే 307 సెక్షనూ, ఎట్రాసిటీ యాక్టూ కలిపి కేసు కట్టారు. నలుగురిని రిమాండ్‌కు పంపారు. వాళ్ళ బెయిల్ పిటిషన్ ఒకసారి కొట్టేశారు కూడా. అప్పటికి అది మాకు పెద్ద గెలుపు.

దెబ్బలు తిన్న కుర్రాడి తల్లిని మేమంతా పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. ఆమెకు చదువు రాదు. మనవరాలు ఇంటర్ చదువుతోంది. మాకు తెలిసిన లాయరు గారు "తొంభై రోజుల్లోపు చార్జిషీటు పడాలి, పడకపోతే వాళ్ళు బయటికొస్తారు, కనిపెట్టుకుని ఉండండి" అన్నారు. ఆ పిల్ల గోడ మీది ఎరువుల కొట్టు క్యాలెండర్‌లో రిమాండ్ రోజు నుంచి లెక్క పెట్టి, రోజుకో గడి ఎర్ర పెన్నుతో కొట్టేసేది. మేమెప్పుడు పోయినా పెద్దమ్మ ముందు ఆ క్యాలెండర్ చూపించి, తర్వాతే కూర్చోమనేది.

అరవై ఒకటో రోజు సాయంత్రం ఆ నలుగురూ ట్రాక్టర్ మీద ఊళ్ళోకి వచ్చారు. టపాకాయలు కాల్చారు. ట్రాక్టర్ నేరుగా వాళ్ళ ఇళ్ళకు పోలేదు, పల్లె చుట్టూ తిరిగి పోయింది.

ఆ రాత్రి ఆ పిల్ల ఫోన్ చేసింది. "తొంభై కదన్నా? నేనేమన్నా తప్పు లెక్కపెట్టానా?"

ఆ పిల్ల లెక్క తప్పలేదు. మాకు తెలియకుండా లెక్కే మారిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన గాయాల సర్టిఫికెట్‌లో "సింపుల్" అని ఉంది. దాన్ని ఆధారం చేసుకుని 307 తీసేసి 324 పెడుతూ కోర్టులో ఒక మెమో వేశారు. సెక్షన్ ఆల్టరేషన్ మెమో అంటారు దాన్ని. 307కి యావజ్జీవం దాకా పడొచ్చు కాబట్టి తొంభై రోజుల గడువు. 324కి మూడేళ్ళే కాబట్టి అరవై. ఒక్క కాగితంతో ముప్పై రోజులు ఆవిరైపోయాయి. అరవయ్యో రోజుకు చార్జిషీటు సిద్ధంగా లేదు. ఎందుకు లేదంటే బాధితుడి కులధ్రువీకరణ పత్రం మండలాఫీసు నుంచి రాలేదట. డొంక మీద కొట్టినవాళ్ళకు ఆ కుర్రాడి కులం క్షణంలో తెలిసింది. ఆఫీసుకు తెలియడానికి రెండు నెలలు చాలలేదు.

ఆ పిల్ల అడిగినదానికి నేనప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ గడువులు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని అప్పటి నుంచే చదవడం మొదలుపెట్టాను.

మొదట ఒకటి స్పష్టం చేసుకుందాం. మనకు చేదుగా అనిపించినా ఈ గడువు పుట్టింది నిందితుడి కోసమే. అలా పుట్టడం తప్పు కాదు. మనిషిని పట్టుకుపోయి లోపల పడేసి "ఇంకా దర్యాప్తు జరుగుతోంది" అంటూ ఏళ్ళు గడిపేసే అధికారం ఏ పోలీసుకూ ఉండకూడదు. ఈ దేశంలో అలా లోపల పడి ఉన్నవాళ్ళలో మనవాళ్ళెంతమందో మీకు చెప్పనక్కర్లేదు. జనాభాలో మన వాటా కంటే విచారణ ఖైదీల్లో మన వాటా ఎక్కువ.

రాజ్యాంగంలో మొట్టమొదటి గడువు ఇరవై నాలుగు గంటలు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. చట్టప్రకారం పెట్టిన ఏ పద్ధతిలోనైనా మనిషి స్వేచ్ఛను తీసేయొచ్చు అనేలా 21వ అధికరణం తయారైంది. డ్యూ ప్రాసెస్ అనే మాట ముసాయిదాలోంచి ఎగిరిపోయింది. దాని మీద రాజ్యాంగ సభలో చాలామంది అసంతృప్తి చెందారు. 1949 సెప్టెంబర్ 15న బాబాసాహెబ్ 15ఏ అనే కొత్త అధికరణాన్ని సభ ముందు పెట్టారు. పోయినదానికి పూర్తిగా కాకపోయినా కొంతన్నా పరిహారంగా దాన్ని తెచ్చానని ఆయనే వివరించారు. అరెస్టయిన మనిషిని ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, కారణం చెప్పాలి, లాయర్‌ను పెట్టుకోనివ్వాలి. అదే ఇవాళ్టి 22వ అధికరణం. పోలీస్ స్టేషన్ గోడ మీద గడియారం తగిలించిన వాళ్ళలో మన బాబాసాహెబ్ ఒకరని గుర్తుపెట్టుకోండి.

అయితే ఇరవై నాలుగు గంటల తర్వాత? అక్కడ 1898 నాటి బ్రిటిష్ క్రిమినల్ ప్రొసీజర్ కోడే కొనసాగింది. దాని 167వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు కోసం మొత్తం పదిహేను రోజులకు మించి కస్టడీ ఇవ్వకూడదు. వినడానికి చాలా గొప్పగా ఉంది. ఆచరణలో పదిహేను రోజుల్లో దర్యాప్తు ముగిసేది కాదు. దాంతో 344వ సెక్షన్ అనే దొడ్డిదారి ఒకటి తెరిచారు. విచారణ వాయిదా వేయడానికి పెట్టిన సెక్షన్ అది. దాన్ని పట్టుకుని పదిహేను రోజులు, మళ్ళీ పదిహేను రోజులు అంటూ రిమాండ్లు పొడిగిస్తూ పోయేవారు. దానికి పైహద్దు లేదు. మన తెలుగు నేల మీదే దీనిపై పెద్ద పోరాటం జరిగింది. పార్వతీపురం మెజిస్ట్రేటు కోర్టు ఇచ్చిన రిమాండ్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 344వ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని 1970లో తేల్చేశారు.

లా కమిషన్ 1969లో ఇచ్చిన 41వ నివేదికలో ఈ దొంగాట గురించి మాట్లాడింది. పదిహేను రోజులు సాధ్యం కాకపోతే నిజాయితీగా అరవై రోజులు పెట్టుకోండి, కానీ దాని తర్వాత వదిలేయండి అని సారాంశం. అలా 1973 కోడ్ వచ్చింది, 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అరవై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే, నిందితుడు బెయిల్‌కు జామీను ఇవ్వగలిగితే, వదిలి తీరాలి. కేసు బలం ఎంతో చూడరు, నేరం ఎంత ఘోరమో చూడరు. లాయర్లు దీన్నే డిఫాల్ట్ బెయిల్ అంటారు. హత్య లాంటి కేసులకు అరవై చాలడం లేదని 1978లో తొంభై చేశారు. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్ళకు తగ్గని శిక్ష పడే నేరాలకు తొంభై, మిగతావాటికి అరవై. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, అదే బీఎన్ఎస్ఎస్, దీన్ని 187వ సెక్షన్‌లో అలాగే ఉంచింది. పైగా చార్జిషీటు తర్వాత కోర్టు అభియోగాలు మోపడానికి కూడా, ఆ వాదనల మొదటి తేదీ నుంచి అరవై రోజుల గడువు పెట్టింది. అది ఎంతవరకు నడుస్తుందో చూద్దాం.

సరే, హక్కు వచ్చింది. ఎవరికి అందింది? 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు బీహార్ జైళ్ళు ఎలా ఉన్నాయో దేశానికి తెలిసింది. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ లేకుండానే లోపల ఉన్న పేదలు బయటపడ్డారు. అరవై, తొంభై రోజుల చట్టం అప్పటికే పుస్తకంలో ఉంది. వాళ్ళకు చెప్పినవాడు లేడు. ఈ హక్కులో ఉన్న మెలిక అదే. గడువు దాటిన రోజు జైలు తలుపు దానంతటది తెరుచుకోదు. నిందితుడి తరఫున ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి. ఆ దరఖాస్తు పడేలోపు పోలీసులు చార్జిషీటు వేసేస్తే హక్కు పోతుంది. అంటే అరవయ్యో రోజు రాత్రి నిద్రపోకుండా కూర్చునే లాయర్ ఉన్నవాడికే అరవై ఒకటో రోజు పొద్దున పండగ. డబ్బున్న నిందితుడికి ఆ లాయర్ ఉంటాడు. మన విచారణ ఖైదీకి ఉండడు.

ఇక్కడ కారంచేడు దగ్గరికి రావాలి.

1985 జులై 17. ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. మిగిలినవాళ్ళు చీరాల చేరారు. దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం గార్ల పేర్లు ఇంటింటికీ తెలిశాయి. ఇదంతా మీరు చాలాసార్లు చదివారు. చాలామంది చదవనిది ఇంకొకటి ఉంది. ఆ కేసు నిందితులు బెయిల్ కోసం సుప్రీంకోర్టు దాకా పోయారు. వాళ్ళ వాదన రోజుల లెక్క మీదే. తొంభై రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? అరెస్టు చేసిన రోజు నుంచా, మెజిస్ట్రేటు రిమాండ్‌కు పంపిన రోజు నుంచా? మొదటి పదిహేను రోజుల కస్టడీ ఆ తొంభైలో కలుస్తుందా, విడిగానా? 1986లో సుప్రీంకోర్టు తేల్చింది. లెక్క రిమాండ్ రోజు నుంచి మొదలవుతుంది, మొదటి పదిహేను రోజులు అందులో కలిసే ఉంటాయి.

లాయర్లు దీన్ని చాగంటి కేసు అంటారు. ఈ దేశంలో ఏ మూల డిఫాల్ట్ బెయిల్ వాదన జరిగినా ఈ తీర్పు పేరు వినపడుతుంది. పెద్ద పెద్ద ఆర్థిక నేరగాళ్ళ తరఫున సూట్లు వేసుకున్న సీనియర్లు కూడా దీన్ని ఉదహరిస్తారు. 2023లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ యజమానుల కేసులో రిమాండ్ చేసిన రోజు లెక్కలోకి వస్తుందా రాదా అనే ఒక్క రోజు తేడా మీద ముగ్గురు జడ్జీలు కూర్చుని తీర్పిచ్చారు, ఆ రోజు కూడా కలుస్తుందని. ఆ చర్చలోనూ చాగంటి తీర్పు ఉంది. లా కాలేజీలో దాన్ని బట్టీపట్టే పిల్లల్లో ఎంతమందికి అది కారంచేడు కేసని తెలుసు? నేను అడిగి చూశాను. తెలియదు. మన ఆరుగురి చావులోంచి ఈ దేశానికి రోజుల లెక్క వచ్చింది, లెక్క మిగిలింది, ఊరి పేరు పోయింది.

నిందితుడు బయటికి రావడమంటే ఏమిటో కారంచేడు సాక్షులకు తెలుసు. ప్రత్యక్ష సాక్షి దుడ్డు అలీసమ్మను కేసు నడుస్తున్న కాలంలోనే చంపేశారు. సుప్రీంకోర్టులో చివరి తీర్పు వచ్చేసరికి 2008 అయింది. ఇరవై మూడేళ్ళు.

కారంచేడు లాంటి మారణకాండల ఒత్తిడితోనే 1989లో ఎట్రాసిటీ చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమలు. ఆ చట్టంలో స్పెషల్ కోర్టు మాట ఉంది, శిక్షల మాట ఉంది. దర్యాప్తు ఎన్ని రోజుల్లో ముగించాలో లేదు. దర్యాప్తు ఏ స్థాయి అధికారి చేయాలో కూడా లేదు. అవన్నీ రూల్స్‌లో రాస్తామన్నారు. రూల్స్ ఎప్పుడు వచ్చాయి? 1995 మార్చి 31న. ఐదేళ్ళకు పైగా చట్టం ఉంది, రూల్స్ లేవు.

ఆ ఖాళీలోనే చుండూరు జరిగింది. 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాల్వల్లో పడేశారు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికీ, అక్కడ విచారణ మొదలవడానికీ ఎన్నేళ్ళు పట్టిందో తలచుకుంటే గుండె మండుతుంది. 2007 జులై 31న తీర్పు, 21 మందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ రెండు తీర్పుల గురించి వేరే భాగం రాస్తాను. ఇక్కడ చెప్పదలుచుకున్నది ఒకటే. ఆలస్యం తీరిగ్గా కూర్చుని చేసే హత్య. సాక్షి ముసలివాడవుతాడు, ఊరు వదిలిపోతాడు, జ్ఞాపకం చెదురుతుంది. అప్పుడు డిఫెన్స్ లాయరు లేచి "సమయం కచ్చితంగా చెప్పు" అంటాడు.

1995 రూల్స్‌లో ఏడో రూల్ మనకు ముఖ్యం. డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. ముప్పై రోజుల్లో ముగించి ఎస్పీకి రిపోర్టివ్వాలి. ఎస్పీ వెంటనే డీజీపీకి పంపాలి. మళ్ళీ చదవండి. కోర్టుకు అని లేదు. ముప్పై రోజుల్లో దస్త్రం ఎస్పీ బల్ల మీదికి చేరితే చాలు. అక్కడి నుంచి కోర్టు మెట్లెక్కడానికి ఎన్నాళ్ళో రాయలేదు. ఇరవై ఏళ్ళపాటు మన కేసులు ఆ రెండు బల్లల మధ్య తిరిగాయి. డీఎస్పీ రూల్ కూడా మనకే ఎదురు తిరిగింది. ఎస్సైనో సీఐనో దర్యాప్తు చేసి పడేస్తే, తప్పు పోలీసుది, లాభం నిందితుడిది. అలాంటి దర్యాప్తుతో ఎట్రాసిటీ సెక్షన్లు నిలబడవని 2009లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఐపీసీ సెక్షన్లు మాత్రం మిగులుతాయంది. కులం తీసేసి దెబ్బ మాత్రం ఉంచడమన్నమాట.

దళిత సంఘాలు దేశమంతా తిరిగి ఈ లోపాలు ఎత్తిచూపాక 2015లో చట్టం సవరించారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ పుట్టినరోజున, కొత్త రూల్స్ వచ్చాయి. ఇప్పుడు దర్యాప్తూ చార్జిషీటూ రెండూ కలిపి అరవై రోజులు. కోర్టులోనే వేయాలి. ఆలస్యమైతే దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా కారణం చెప్పాలి. ఇది రూల్‌లోనే కాదు, చట్టం నాలుగో సెక్షన్‌లో కూడా రాశారు. అరవై రోజుల్లో చార్జిషీటు వేయడం ప్రభుత్వోద్యోగి విధి. ఆ విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. చార్జిషీటు వేశాక రెండు నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని పద్నాలుగో సెక్షన్.

ఇప్పుడు రెండు గడియారాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 167వ సెక్షన్ గడియారం, అది రిమాండ్ రోజు నుంచి కొట్టుకుంటుంది, అరవయ్యో తొంభయ్యో. రెండోది ఏడో రూల్ గడియారం, అరవై. ఎఫ్ఐఆర్ రిమాండ్ కంటే ముందే ఉంటుంది కాబట్టి రెండోది ఎప్పుడూ ముందే ముగుస్తుంది. అంటే పోలీసులు ఏడో రూల్ పాటిస్తే ఎట్రాసిటీ కేసులో డిఫాల్ట్ బెయిల్ అనే మాటే పుట్టకూడదు. పుట్టిందంటే ఎవరో అధికారి చట్టం దాటాడని అర్థం. మా కేసులో ఆ నలుగురి విడుదల ఆర్డరే ఆ అధికారి మీద సాక్ష్యం. కానీ మొదటి గడియారం మోగితే జైలు తలుపు తెరుచుకుంటుంది. రెండోది మోగితే ఒక తెల్లకాగితం మీద సంజాయిషీ. అదీ రాస్తే. నాలుగో సెక్షన్ కింద కేసు పెట్టాలంటే ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలి. ఆ సిఫారసు ఎవరు చేయాలి? అదే వ్యవస్థలోని పైఅధికారులు.

చార్జిషీటు ఆలస్యమైతే డబ్బూ ఆగుతుంది. ఇది చాలామంది కార్యకర్తలకే తెలియదు. 2016 రూల్స్ ప్రకారం కులం పేరుతో అవమానించిన కేసుల్లో లక్ష రూపాయల పరిహారం. అందులో 25 శాతం ఎఫ్ఐఆర్ దగ్గర, 50 శాతం చార్జిషీటు కోర్టుకు పోయాక, మిగతాది శిక్ష పడ్డాక. హత్య కేసులో 8.25 లక్షల్లో సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీటు తర్వాత. పెద్దమ్మ కొడుకు వైద్యానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. చార్జిషీటు ఆగిన ప్రతి నెలా ఆ వడ్డీ పెరిగింది. రాజీకి వచ్చిన పెద్దమనుషులు ముందు ఆ అప్పు గురించే మాట్లాడారు. వాళ్ళకు మన లెక్కలన్నీ తెలుసు.

దీని మీద మన మిత్రుల్లో ఒక వాదన ఉంది. ఎట్రాసిటీ కేసుల్లో డిఫాల్ట్ బెయిలే తీసేయాలని. ఒక మీటింగులో నేను కూడా ఆవేశంలో అలాగే మాట్లాడాను. ఇప్పుడు ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

నాగపూర్ దళిత లాయర్ సురేంద్ర గాడ్లింగ్‌ను భీమా కోరేగావ్ కేసులో 2018 జూన్ 6న అరెస్టు చేశారు. ఉపా చట్టం కాబట్టి తొంభై రోజుల గడువును నూట ఎనభై దాకా పొడిగించుకోవచ్చు. పొడిగించారు. ఆ పొడిగింపు చెల్లదని అక్టోబర్‌లో బాంబే హైకోర్టు అంది. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎట్రాసిటీ కేసులు వాదించే మనిషి తనే రోజులు లెక్కపెట్టుకుంటూ జైల్లో కూర్చున్నాడు. 167వ సెక్షన్ గడియారాన్ని మనమే పగలగొడితే రేపు అది మన పిల్లల కోసం మోగదు. మనకు కావాల్సింది రెండో గడియారానికి గంట కట్టడం.

తొందర అంటే న్యాయమేనా అని కూడా అడగాలి. 2019 నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లాలో బుడగ జంగం మహిళ మీద అత్యాచారం, హత్య జరిగాయి. సమత అని పేరు పెట్టారు ఆమెకు. మూడు రోజుల తర్వాత దిశ ఘటన. దేశమంతా దిశ కోసం ఏడ్చింది, సమత కోసం మన సంఘాలే రోడ్డెక్కాల్సి వచ్చింది. రోడ్డెక్కాక ప్రత్యేక కోర్టు వచ్చింది, 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష పడింది. అరవై ఏడు రోజుల్లో తీర్పు! అంటే ఈ వ్యవస్థకు వేగం చేతకాక కాదు. కుల పెద్దలూ, వాళ్ళ వెనక పార్టీలూ నిందితులుగా ఉన్న ఏ కేసులోనైనా ఇంత వేగం మీరు చూశారా? అదే డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, వారంలో దర్యాప్తు, 21 రోజుల్లో తీర్పు అని. అప్పటికే నాలుగేళ్ళుగా మన అరవై రోజుల రూల్ పుస్తకంలో ఉంది. దాన్ని అమలు చేయని వాళ్ళు ఏడు రోజుల చట్టానికి చప్పట్లు కొట్టారు.

ఇంకో రకం వేగం మరీ ప్రమాదం. అరవై రోజుల ఒత్తిడి పడగానే కేసును "మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్" అని మూసేయడం. గడువులోపే ముగిసినట్టు లెక్కల్లో కనబడుతుంది. కాబట్టి కలెక్టర్ గారి విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ మీటింగులో "ఎన్ని కేసులు అరవై రోజుల్లో పూర్తయ్యాయి" అని మాత్రమే అడగకండి. "పూర్తయినవాటిలో ఎన్ని చార్జిషీట్లు, ఎన్ని మూసివేతలు, ఎన్నింట్లో సెక్షన్లు మార్చారు, ఏ రోజున మార్చారు" అని అడగండి. ఆ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలని పదిహేడో రూల్. కూర్చోకపోతే అదీ అడగండి. ఏడో రూల్‌లోనే హోం శాఖ, సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శులూ, ప్రాసిక్యూషన్ డైరెక్టరూ, డీజీపీ మూడు నెలలకోసారి దర్యాప్తుల స్థితి సమీక్షించాలని ఉంది. 15ఏ సెక్షన్ ప్రకారం బెయిల్ సహా ప్రతి విచారణ గురించీ బాధితులకు ముందే తెలియజేయాలి, వాళ్ళ మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ రోజు పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. ట్రాక్టర్ చప్పుడే ఆమెకు అందిన నోటీసు.

మా కేసులో చార్జిషీటు నూట నలభై మూడో రోజున పడింది. అంతకుముందే నేను సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాను. ఏడో రూల్ ప్రకారం దర్యాప్తు అధికారి ఇవ్వాల్సిన ఆలస్యానికి రాతపూర్వక కారణం, దాని కాపీ ఇవ్వండి అని. మొదటి జవాబు, దర్యాప్తు జరుగుతున్నందున ఇవ్వలేము. అప్పీలుకు పోయాను. రెండో జవాబు ఒకటే వాక్యం. అటువంటి రికార్డు ఈ కార్యాలయంలో లేదు.

ఆ కాగితాన్ని తీసుకెళ్ళి పెద్దమ్మ ఇంట్లో చూపించాను. ఆ పిల్ల చదివి, క్యాలెండర్ కింద మేకుకు గుచ్చింది. ఇప్పుడు లా మూడో సంవత్సరం చదువుతోంది. పోయిన నెల ఇంకో పల్లెలో కేసు అయితే నాకంటే ముందు తనే పోయింది. రిమాండ్ తేదీ, ఎఫ్ఐఆర్ తేదీ, రెండూ రాసుకుని వచ్చింది. కులధ్రువీకరణ పత్రానికి మొదటి రోజే దరఖాస్తు పెట్టించి, రసీదు తీసుకుంది. గాయాల సర్టిఫికెట్ కాపీ కోసం ఆసుపత్రిలో అర్జీ ఇచ్చింది. కోర్టులో సెక్షన్ మార్పు మెమో ఏదైనా పడితే తెలుసుకోవడానికి వారానికోసారి వెళ్తోంది. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు.

వచ్చే భాగంలో 15ఏ సెక్షన్, సాక్షుల రక్షణ గురించి రాస్తాను. మీ ఊళ్ళలో గడువు దాటిన కేసులుంటే ఎఫ్ఐఆర్ తేదీ, రిమాండ్ తేదీ, చార్జిషీటు తేదీ, ఈ మూడూ నాకు పంపండి. పేర్లు వద్దు.